మంద కాపలాకు ఏ కుక్కపిల్లను తెచ్చుకోవాలి?

ప్రశ్న: నాకు ఎనభై నెల్లూరు జొడిపి గొర్రెలున్నాయి. రాత్రిళ్లు పొలాల్లోనే మంద పెడతాము. కొండ వైపు నుంచి తోడేళ్లు, నక్కలు వస్తున్నాయి. కుక్కను పెంచుదామంటే, అదీ తోడేలు జాతిదేనని, ఎప్పటికైనా గొర్రెల మీద పడుతుందని మా పెద్దలు అంటున్నారు. ఇది నిజమేనా? ఏ జాతి పిల్లను తీసుకోవాలి?
– ఒక గొర్రెల పెంపకందారు, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: మీ పెద్దల మాటలో మొదటి సగం నిజమే. కుక్క, తోడేలు, నక్క మూడూ కానిడే కుటుంబంలో కానిస్ అనే ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినవి. గుంటనక్క మాత్రం అదే కుటుంబంలో వేరే ప్రజాతి. 1758లో లిన్నేయస్ కుక్కను కానిస్ ఫెమిలియారిస్ అనే ప్రత్యేక జాతిగా పేర్కొనగా, తర్వాతి కాలంలో చాలామంది శాస్త్రవేత్తలు దానిని తోడేలులో ఒక ఉపజాతిగా భావించి కానిస్ లూపస్ ఫెమిలియారిస్ అని రాశారు. నేటికీ రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. కుక్కకూ తోడేలుకూ 78 చొప్పున క్రోమోజోములుంటాయి, రెండూ కలిస్తే పుట్టిన పిల్లలకు కూడా సంతానం కలుగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం తోడేలునూ జాతి అంటాము, రాజపాళయాన్నీ జాతి అంటాము. శాస్త్రం ప్రకారం రాజపాళయం, చిప్పిపారై, ముధోల్, మీ ఊరి నాటు కుక్క అన్నీ ఒకే జాతి. మనిషి తన పనికి తగినట్లు ఎంచి పెంచగా ఏర్పడిన రకాలు మాత్రమే వేరు. చిప్పిపారై, ముధోల్ కుక్కలను వేటకు, పరుగెత్తే జంతువును తరిమి పట్టడానికి పెంచారు. ఆ గుణం మందలో పనికిరాదు సరికదా, బెదిరి పరుగెత్తే గొర్రెపిల్లకు ప్రమాదం కూడా. కాబట్టి పేరున్న రకం కోసం వేలకు వేలు పోయవద్దు. మందల వెంట తిరుగుతున్న నాటు కుక్క ఈనిన పిల్ల మీకు చాలు. తల్లి గొర్రెల మధ్య ఎలా మెలగుతోందో మీరే ఒక పూట కూర్చుని చూడండి.

ఇక మీ పెద్దల మాటలో రెండో సగం, అంటే కుక్క గొర్రెల మీద పడుతుందన్నది, పెంపకాన్ని బట్టి ఉంటుంది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరి మధ్య ఉంటే వారినే తనవారిగా ఎంచుకుంటుంది. అందువల్ల ఎనిమిది వారాల వయసులో తెచ్చి, ఇంట్లో కాకుండా దొడ్డిలోనే, నెమ్మదైన నాలుగైదు గొర్రెలతో కలిపి ఉంచండి. అది గొర్రె మూతి నాకుతూ, వాటి పక్కనే ముడుచుకుని పడుకుంటుంటే పని దారిలో పడినట్లే. ఏడాది లోపు పిల్ల ఆటగా గొర్రెపిల్లల చెవులు, తోకలు పట్టి లాగుతుంది. అప్పటికప్పుడే గద్దించి విడదీయాలి, ఒక్కసారి కూడా చూసీచూడనట్లు వదలకూడదు. ఏడాదిన్నర, రెండేళ్లు నిండే దాకా దానిని ఒంటరిగా కాపలాకు నమ్మవద్దు.

నాకు తోడేలు కంటే ఎక్కువ ఆందోళన కలిగించేది కుక్క పేగుల్లోని బద్దెపురుగు. చచ్చిన గొర్రె తల పగలగొట్టి మెదడును కుక్కకు వేస్తే, అందులోని నీటితిత్తి నుంచి కుక్క పేగులో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో గడ్డి మీద పడి, ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో మళ్లీ తిత్తులు కడతాయి. గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంటే ఈ గిడ్ వ్యాధినే అనుమానించాలి. అందుచేత తల, కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు అందకుండా లోతుగా పూడ్చండి లేదా కాల్చండి. సంకటి, మజ్జిగ, బాగా ఉడికించిన మాంసం పెట్టండి. ప్రాజిక్వాంటెల్ మాత్రను కుక్క బరువుకు తగిన మోతాదులో, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి పశువైద్యుని సలహాతో వేయించండి.

తోడేలుకు విషం పెట్టవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని మొదటి షెడ్యూలులో చేర్చింది, పైగా ఆ విషపు ముక్కను ముందుగా తినేది మీ కుక్కే కావచ్చు. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన తేదీకి బూస్టర్, ఆపై ఏటా ఒకసారి టీకా తప్పకుండా వేయించండి.