పందికొక్కా, రెక్కల పురుగా: బియ్యానికి ఏది ఎక్కువ చేటు?

ఇంట్లో బియ్యానికి ఈ రెండింటిలో ఏది ఎక్కువ చేటని అడిగారు. నన్నడిగితే, సందేహం లేకుండా బియ్యంలో గూళ్లు కట్టే రెక్కల పురుగే. పందికొక్కు ఆకారం చూసి జనం హడలిపోతారు గాని, పాడైన బియ్యం లెక్క ఎవరూ చూడరు.

విశాఖలో మాది అక్కయ్యపాలెం, కింది వాటా. పెరట్లో పందికొక్కు దిగిందంటే తెల్లారేసరికి గోడ పక్కన మట్టికుప్ప లేస్తుంది. గోనె కొరికితే కన్నం కనబడుతుంది, రాలిన గింజలే దారి చూపిస్తాయి. దొంగే గాని, ఆనవాళ్లు వదిలే దొంగ.

రెక్కల పురుగు అలా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడ్డాక ఊళ్లో కరెంటు లేదు, ఇల్లంతా చెమ్మ. కొన్నాళ్లకు మా అత్తగారు బియ్యం డబ్బా మూత తీసి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అన్నారు. చెయ్యి పెడితే బియ్యం విడిగా రాలేదు. పట్టుదారం లాంటి సన్నని పోగులతో అల్లుకుపోయి ఉండలు ఉండలుగా వచ్చింది. ఒక ఉండ చిదిమితే గింజల మధ్య నుంచి తెల్లని పురుగు తల ఆడించింది. మూత లోపలి అంచున బూడిదరంగు రెక్కల పురుగులు కదలకుండా అంటుకుని ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, ఎగిరే ఆ పెద్ద పురుగు గింజ ముట్టదు. గుడ్లు పెట్టి పోతుంది, తిండంతా పిల్లపురుగులదే. జల్లెడ పట్టినా ఆ గూళ్లు వదలలేదు. డబ్బాడు బియ్యం పారబోశాం.

పందికొక్కును వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఎలుక జాతి మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది, కాబట్టి అది ముట్టిన బియ్యం వండకూడదు. ఇక రెక్కల పురుగు వల్ల రైతుకు ఒక మేలుంది. దాని గుడ్ల మీద ట్రైకోగ్రామా అనే చిట్టి పరాన్నజీవిని పెంచి, ఆ గుడ్లను అట్టముక్కలకు అంటించి చెరకు తోటల్లో కడతారు. అది కాండం తొలిచే పురుగుల గుడ్లను నాశనం చేస్తుంది. మన వంటింటికి ఒరిగేదేమీ లేదు.

డబ్బాలో వేపాకు వేయమంటారు. గూడు కట్టాక వేపాకు ఏం చేస్తుంది? ముందే బియ్యం ఎండబెట్టి, చల్లారాక గట్టి మూత డబ్బాలో పోయాలి. ఈ సముద్రపు గాలి ఊళ్లో ఎండబెట్టడానికి చోటేది? అపార్ట్‌మెంట్లలో డాబాకు తాళం. మా చెల్లెలు పైన చాప పరిచి బియ్యం పోస్తే, డాబా పాడవుతుందని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. నీళ్ల ట్యాంకు కారి పాచి పట్టినా పాడవని డాబా, బియ్యానికి పాడవుతుందట!