చిట్టీ, ధర్నాలో మాట్లాడే ముందు స్టాకు రిజిస్టరు తియ్యి

చిట్టీ,

శ్రీకాకుళం కలెక్టరేట్ దగ్గర అంగన్‌వాడీ నిధుల కోత మీద జరిగే ధర్నాలో మీ ప్రాజెక్టు తరఫున నిన్ను మాట్లాడమన్నారంటే యూనియన్ వాళ్లకి నీ మీద గురి కుదిరినట్టే. "దొడ్డమ్మా, ఏటి మాట్లాడాలో తెలీక టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నాను. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైనదాన్ని, నాకిప్పుడు మెమోలిచ్చేవాళ్లెవరూ లేరు. ఉన్నదున్నట్టు చెప్తాను.

మైకు అందగానే జీతం సంగతి ఎత్తకు. 2019లో 11,500 చేశారు, ఆ తర్వాత ధరలు ఎక్కడికి పోయాయో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు, బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుళ్లకీ తెలుసు. అడగొద్దని కాదు, అడగాల్సిందే. కానీ ఆ మాట నీకు ముందు నలుగురు చెప్తారు, నీ తర్వాత నలుగురు చెప్తారు. నీకు తప్ప అక్కడ ఎవరికీ తెలియనిది ఒకటుంది: నీ సెంటరుకి ఏం రావాలి, ఏం వచ్చింది. నువ్వు చెప్పాల్సింది అదే.

అందుకే ఇవాళే స్టాకు రిజిస్టరు తియ్యి. రిజిస్టరులో వచ్చినదే రాస్తాం, రానిది రాయం. కాబట్టి పక్కన నీ సొంత నోటుబుక్కు ఒకటి పెట్టుకో. ఇండెంటు ప్రకారం, అంటే మనం కావాలని రాసి పంపిన లెక్క ప్రకారం, గుడ్లు ఎన్ని రావాలి, ఏ తేదీకి రావాలి, ఏ తేదీకి వచ్చాయి, అందులో పగిలినవెన్ని, కుళ్లినవెన్ని. పాలు, పప్పు, నూనె అలాగే. గ్యాస్ బండకి, సెంటరు అద్దెకి నువ్వు చేతి నుంచి పెట్టింది ఎంత, అందులో తిరిగి వచ్చింది ఎంత. గడిచిన ఆరు నెలలకి రాసుకుంటే చాలు. కనీసం రెండు పేజీలు నిండుతాయి. వాటిలోంచి ఒక్క నెల లెక్క ఏరుకుని చదువు. "మాకు అన్యాయం జరుగుతోంది" అంటే విలేకరి పెన్ను కదలదు. "ఫలానా నెలలో మా సెంటరుకి ఇన్ని గుడ్లు తక్కువొచ్చాయి, ఇదిగో తేదీలు" అంటే రాసుకుంటాడు.

కోత అంటే బడ్జెట్‌లో అంకె తగ్గించడం ఒక్కటే అనుకునేవు. అలా తగ్గించిన సందర్భమూ ఉంది. 2015-16 కేంద్ర బడ్జెట్‌లో ఐసీడీఎస్‌కి, అంటే మన అంగన్‌వాడీలు నడిచే పథకానికి, అంతకుముందు ఏడాది 18 వేల కోట్లు దాటి ఉన్నదాన్ని 8 వేల కోట్ల చిల్లరకి దించేశారు. రాష్ట్రాలకి పన్నుల వాటా 32 శాతం నుంచి 42 శాతానికి పెంచాం, ఇకమీద మీరే చూసుకోండి అన్నది ఢిల్లీ మాట. దేశమంతా గోలయ్యాక అదే ఏడాది సవరించిన అంచనాల్లో 15 వేల కోట్ల పైకి తెచ్చారు. అడిగితే కదలదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

అంతకంటే ఎక్కువగా జరిగేది వేరే రకం కోత. అంకె తగ్గించరు, ధరలు పెరుగుతుంటే దాన్ని అక్కడే ఉంచేస్తారు. పౌష్టికాహారానికి 2017లో కేంద్రం పెట్టిన రేటు చూడు: ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి ఆరేళ్లవాళ్ల దాకా రోజుకి 8 రూపాయలు, గర్భిణికీ బాలింతకీ 9 రూపాయల 50 పైసలు, బాగా చిక్కిపోయిన పిల్లలకి 12 రూపాయలు. ఎనిమిది రూపాయల్లో గుడ్డు ధర తీసేస్తే పప్పుకీ నూనెకీ ఏం మిగులుతుందో మీ వీధి కొట్టువాడు నోటిలెక్కన చెప్తాడు. మన రాష్ట్రం తన పథకం కింద పైన కలుపుతోంది కాబట్టి మన పిల్లల పళ్లెంలో గుడ్డు కనిపిస్తోంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ గారు ఈ రేట్లు తగినట్టుగా పెంచుతామన్నారు. ఎంత పెంచారు, ఆ పెరుగుదల నీ సెంటరు దాకా వచ్చిందా అన్నది నీ ప్రశ్న. అలాగే మన గౌరవ వేతనానికి కేంద్రం పెట్టిన రేటు 2018 అక్టోబరులో 4,500 చేశారు. దాని సంగతేమిటని కూడా అడుగు.

ఇంకో మాట. బడ్జెట్ రోజున టీవీలో చదివేది అంచనా మాత్రమే. ఆ తర్వాత సవరించిన అంచనా వస్తుంది, ఆ తర్వాతెప్పుడో అసలు ఖర్చు లెక్క వస్తుంది. పెళ్లిలో చదివింపుల దగ్గర వెయ్యినూట పదహార్లు రాయించి చేతిలో వంద పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు చూడు, అలాంటి పని ఈ మూడంకెల మధ్య జరుగుతుంది. మీ యూనియన్‌లో చదువుకున్న పిల్లలున్నారు కదా, మూడూ పక్కపక్కన రాసి ఇమ్మను. ఏ సొమ్ము ఢిల్లీది, ఏది అమరావతిది అన్నది కూడా వేరువేరుగా రాయమను. లేకపోతే వీళ్లు వాళ్ల వైపు, వాళ్లు వీళ్ల వైపు వేలు చూపిస్తారు, మనం మధ్యలో నిలబడి ఇద్దర్నీ చూస్తూ ఉండాలి.

నీ ఉద్యోగం సంగతి. ధర్నా వేరు, సమ్మె వేరు. ప్రభుత్వోద్యోగులకి కూడా శాంతియుతంగా ప్రదర్శన చేసే హక్కు ఉందని, సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. 2023 డిసెంబరు 12న మొదలైన మన సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో, జనవరి 6న, ఎస్మా పెట్టారు, అత్యవసర సేవల్లో సమ్మె చేయకూడదనే చట్టం అది. జీతం అడిగితే మీరు ఉద్యోగులు కారు, మీది గౌరవ వేతనం అంటారు. సమ్మె చేస్తే మీది అత్యవసర సేవ అంటారు. ఈ రెండూ ఒకే నోట ఎలా వస్తాయో నాకిప్పటికీ అంతుపట్టదు. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టే తీర్పిచ్చింది, ఆ మాట కూడా గుర్తుంచుకో.

ధర్నా రోజుకి సెలవు కాగితం సూపర్‌వైజరుకి ముందే ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం పెట్టించుకో. నోటిమాటగా "సరేలే, వెళ్లు" అంటే వెళ్లిపోకు. మెమో వస్తే కంగారుపడి ఆ రోజే జవాబు రాసేయకు. యూనియన్‌లో చూపించి, గడువు లోపల, కాగితం మీదే ఇవ్వు. పిల్లల ఫొటోలు, ముఖ్యంగా చిక్కిపోయిన పిల్లల ఫొటోలు, వాట్సాప్‌లో పెట్టనే పెట్టకు. వాళ్ల అమ్మానాన్నలకి పరువు తక్కువ, నీకు అనవసరమైన తలనొప్పి. మంత్రినో అధికారినో పేరు పెట్టి తిట్టకు. తిట్టు ఒక్కటే పేపర్లో వస్తుంది, గుడ్ల లెక్క ఎగిరిపోతుంది.

వీలైతే నీతో ఇద్దరు తల్లుల్ని తీసుకెళ్లు. మీ పలాస వైపు జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్లు పిల్లల్ని సెంటర్లో దింపే కదా వెళ్తారు. సెంటరు సరిగ్గా నడవకపోతే వాళ్లకి ఆ పూట కూలి పోతుంది. ఆ మాట నువ్వు చెప్తే ఉద్యోగస్తురాలి మాట అవుతుంది, ఆ తల్లే చెప్తే ఇంకెవరూ కాదనలేరు. ఒకరోజు కూలి పోగొట్టుకుని వస్తారు కాబట్టి బస్సు ఛార్జీ, టిఫిను యూనియన్ పెట్టాలి. మొహమాటపడకుండా ముందే మాట్లాడు.

నీకిచ్చేది మూడు నిమిషాలే అయినా, ముందు మాట్లాడినవాళ్లు సాగదీస్తే అదీ ఉండదు. లెక్క ముందు చెప్పు, అడిగేది తర్వాత చెప్పు, మిగతాది టైముంటే చెప్పు. కాగితం చూసి చదివినా తప్పులేదు. మన యాసలోనే మాట్లాడు. టీవీవాళ్ల కోసం భాష మార్చబోతే మధ్యలో తడబడతావు.

ధర్నాతో పని అయిపోయిందనుకోకు. తర్వాత వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కదా, అదే లెక్క అర్జీగా ఇచ్చి నంబరు తీసుకో. జవాబు రాకపోతే నాకు ఫోన్ చెయ్యి, సమాచార హక్కు దరఖాస్తు నేను రాసి పెడతాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది నీ పేరు మీద వద్దు, ఆ తల్లుల్లో ఎవరి పేరు మీదైనా వేయిద్దాం.

మీ అమ్మతో చెప్పు, ఈసారి జీడిపప్పు పంపొద్దని. పోయినసారిది ఇంకా డబ్బాలోనే ఉంది.

మీ దొడ్డమ్మ,
చీపురుపల్లి