లాగ్‌లో పైన ఉన్నది ముందు జరిగినట్టేనా?

ప్రశ్న: మేడమ్, మాది తెనాలిలో చిన్న ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటోలను రాత్రిపూట రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లోకి కాపీ చేయడానికి లైనక్స్‌లో బాష్ స్క్రిప్ట్ (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) రాసుకున్నాను. ముందు పైథాన్ ప్రోగ్రామ్ ఫోటోల సైజు తగ్గిస్తుంది. తర్వాత ఫైళ్లను కాపీ చేసే రెండు ఆర్‌సింక్ కమాండ్లు. టైమ్ కలిసొస్తుందని రెండింటి చివరా & పెట్టాను. ఆఖర్న అసలు ఫోల్డర్‌ని తీసేసే ఆర్‌ఎం. స్క్రిప్ట్ ప్రింట్ చేసేవన్నీ చేరే లాగ్ ఫైలు చూస్తే అంతా తారుమారు. 'కాపీ పూర్తయింది' అన్న మాట పైన, కాపీ అయిన ఫైళ్ల పేర్లు దాని కింద! పైథాన్ ఎర్రర్లు కూడా దాని మామూలు ప్రింట్ల కంటే ముందే వస్తున్నాయి. ఫైళ్లు మాయమయ్యాయని ఆర్‌సింక్ వార్నింగ్ ఇస్తోంది. డిస్కు పాడైందా?

జవాబు: ఈ రాత్రి స్క్రిప్ట్ నడిచేలోపు ఆ ఆర్‌ఎం లైను ముందు # పెట్టి ఆపేయండి. మిగతాది తీరిగ్గా చదవచ్చు. కెమెరా కార్డుల్లో పాత ఫోటోలు ఇంకా ఉంటే, డిస్కులు సరిచూసుకునే దాకా వాటిని ఫార్మాట్ చేయకండి, వాటితో కొత్త ఫోటోలు తీయకండి.

డిస్కు మీద నాకు అనుమానం లేదు. & పెడితే షెల్ (స్క్రిప్ట్‌లోని కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఆ కమాండ్‌ని మొదలుపెట్టి, అది ముగిసే దాకా ఆగకుండా కింది లైనుకు వెళ్లిపోతుంది. మీ రెండు కాపీలూ ఇంకా నడుస్తుండగానే 'పూర్తయింది' ప్రింటై, ఆర్‌ఎం మొదలైంది. ఆర్‌సింక్ ముందు ఫైళ్ల జాబితా తయారు చేసుకుని, తర్వాత ఒక్కొక్కటే చదువుతుంది. జాబితాలో ఉన్న ఫైలు చదవబోయేసరికి లేకపోతే మాయమైందని చెప్పి, చివర్లో 24 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె ఇది; 0 అంటే పని సరిగ్గా జరిగినట్టు). ఫైళ్లు తీసేస్తున్నది మీ స్క్రిప్టే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి & ఒకటి ఒక ఆఫీసు బ్యాకప్‌ని సగంలో తెంపేసింది. వారం పాటు నాకు నిద్ర లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీకు & అవసరమే, ఉంచుకోండి. ఒక్కో ఆర్‌సింక్ తర్వాత $! విలువను, అంటే అప్పుడే వెనక మొదలైన ఆ కమాండ్ నంబరును, వేరువేరు పేర్లతో దాచుకోండి. ఆ తర్వాత ఒక్కో నంబరుకీ విడిగా వెయిట్ (అది ముగిసే దాకా ఆగే కమాండ్) రాసి, రెండూ 0 ఇస్తేనే ఆర్‌ఎం జరిగేలా && తో కలపండి. నంబరు ఇవ్వకుండా ఉత్త వెయిట్ అని రాస్తే అది అన్నిటి కోసం ఆగుతుంది గానీ, కాపీ ఫెయిలైనా 0 నే ఇస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

పైథాన్ సంగతి వేరు. అక్కడ పని వరుసలోనే జరిగింది, రాత మాత్రమే ఆలస్యంగా చేరింది. అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తే లైను లైనుగా బయటికొస్తుంది. అదే ఫైల్‌లోకి మళ్లిస్తే బఫర్ (అవుట్‌పుట్‌ని కాసేపు దాచే మెమరీ) నిండే దాకానో ప్రోగ్రామ్ ముగిసే దాకానో లోపలే ఉండిపోతుంది. ఎర్రర్లు అలా ఆగవు కాబట్టి ముందు వచ్చేస్తాయి. పైథాన్‌ని -యూ ఆప్షన్‌తో (ఇంగ్లిష్‌లో చిన్న అక్షరం) నడిపితే ఆ తేడా పోతుంది. రెండింటిలో ఏది జరుగుతోందో తెలియకపోతే స్క్రిప్ట్‌ని లాగ్‌లోకి పంపకుండా టెర్మినల్‌లో నడిపి చూడండి. అక్కడ వరుస కుదిరితే బఫరింగే కారణం. అక్కడా తప్పితే & ఎక్కడుందో వెతకండి.

మార్పులు చేశాక ముందు ఓ పది ఫోటోల నకళ్లున్న ఫోల్డర్ మీద నడపండి, పెళ్లి ఫోటోల మీద కాదు.