ఉద్యోగం మానేసి కౌన్సెలింగ్ కోర్సు చేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్‌ని. ఎమ్మెస్సీ, బీఎడ్ చేశాను. చేతికొచ్చే జీతం 38 వేలు. మావారు పరవాడ ఫార్మా సిటీలో పనిచేస్తారు, ఆయనకు 48 వేలు. ఇంటి లోను ఈఎంఐ 24,500, చిట్టీ 12 వేలు (25 నెలల 3 లక్షల చిట్టీ, 9 నెలలు కట్టాం), బాబు స్కూలుకు నెలకు సగటున 5 వేలు, ఇంటి ఖర్చు 34 వేలు. ఎఫ్‌డీలో 2.6 లక్షలు, కొంత బంగారం ఉన్నాయి. హాస్టల్ పిల్లలు ఏ బాధ వచ్చినా నా దగ్గరికే వస్తారు. అది చూసి మేనేజ్‌మెంట్ వాళ్లు "కోర్సు చేసి రండి, కౌన్సెలర్ పోస్టు మీదే, 8 వేలు పెంచుతాం" అంటున్నారు. ఒక సంస్థ వాళ్లు ఫోన్ చేసి ఆన్‌లైన్‌లో సైకాలజీ పీజీ 1.9 లక్షలు, నో కాస్ట్ ఈఎంఐ, ట్యాక్స్ కూడా తగ్గుతుందన్నారు. ఉద్యోగం మానేసి రెగ్యులర్ ఎమ్మెస్సీ సైకాలజీ చేయాలని నా కోరిక. మావారేమో చిట్టీ పాడేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి తేల్చేద్దాం. సైకాలజీతో పాటు ఆరోగ్య రంగానికి చెందిన కొన్ని కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేసింది. అంతకు ముందు చేరినవాళ్ల సంగతి వేరు. ఇప్పుడు కొత్తగా సైకాలజీ పీజీ ఆన్‌లైన్‌లో ఇస్తామంటే అది డిగ్రీ అయ్యే అవకాశం లేదు. పేరులో పీజీ పెట్టుకున్న ఏదో సర్టిఫికెట్ అయివుంటుంది. డిగ్రీయా, సర్టిఫికెట్టా, ఏ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పినంత ధీమాగా రాతలో చెప్పరు.

నో కాస్ట్ ఈఎంఐ అనేది చాలాసార్లు మీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. ఫీజు మొత్తం మొదటి రోజే కోర్సు వాళ్లకు చేరిపోతుంది. నాలుగో నెలలో మీరు క్లాసులు మానేసినా వాయిదాలు ఆగవు, ఆపితే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఇక ట్యాక్స్ మాట. చదువు రుణం మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పద్ధతిలోనే ఉంది, కొత్త పద్ధతిలో లేదు. అయినా మీ జీతం ఏడాదికి 4.56 లక్షలు. ఏ పద్ధతిలో చూసినా మీరు కట్టాల్సిన పన్ను సున్నా. పన్నే లేనప్పుడు మినహాయింపు ఎవరికి?

మీ మేనేజ్‌మెంట్‌కు ఇప్పుడే ఈ ఆలోచన ఎందుకొచ్చిందో తెలిస్తే బేరం ఆడటం మీకు తేలికవుతుంది. మీ ఊళ్లోనే నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని కూడా చెప్పింది. అంటే మీ అవసరం కంటే వాళ్ల అవసరమే పెద్దది. "పోస్టు మీదే" అన్న నోటిమాట మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. పోస్టు పేరు, జీతం, పాఠాల భారం ఎంత తగ్గిస్తారు, ఏ కోర్సు చేస్తే ఒప్పుకుంటారు, ఇవన్నీ కాగితం మీద రావాలి. పొద్దున ఆరు పీరియడ్లు బోటనీ, సాయంత్రం కౌన్సెలింగ్ అంటే అది ప్రమోషన్ కాదు, ఓవర్‌టైం!

ఇప్పుడు ఎమ్మెస్సీ. ఆంధ్రా యూనివర్సిటీలో సీటు వస్తే ఫీజు ప్రైవేటు వాటితో పోలిస్తే చాలా తక్కువ. అయితే మీకు ఖర్చయ్యేది ఫీజు కాదు, జీతం. రెండేళ్లు మానేస్తే 38 వేల చొప్పున 9.12 లక్షలు పోతాయి. దాన్ని నెలకు 8 వేల పెంపుతో రాబట్టుకోవాలంటే తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. ఫీజు ఇంకా కలపలేదు. 38కి చదువు పూర్తయినా, పెట్టింది తిరిగొచ్చేసరికి 48 దగ్గరపడతాయి.

ఇంట్లో నెల గడవడం ఇంకో సమస్య. ఇప్పుడు 86 వేలు వస్తే 75,500 పోతోంది, 10,500 మిగులుతోంది (చిట్టీని డివిడెండు తీసేయకుండా పూర్తి 12 వేలకే వేశాను). మీ జీతం ఆగితే నెలనెలా 27,500 తక్కువపడుతుంది. ఎఫ్‌డీ మొత్తం తీసినా తొమ్మిది నెలలకే అయిపోతుంది, అంటే మొదటి ఏడాది పరీక్షలు కూడా కాకముందే. అందుకే ఇప్పుడైతే వద్దంటున్నాను.

నా ఓటు ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమాకి. ఏడాది కోర్సు. మొదటి ఆరు నెలలు దూరవిద్య, తర్వాత మూడు నెలలు కేంద్రంలో ఉండి నేర్చుకోవాలి, చివరి మూడు నెలలు మీ ఊళ్లోనే ఇంటర్న్‌షిప్. దక్షిణాది వాళ్లకు కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. బీఎడ్ చేసి పాఠాలు చెబుతున్న మీలాంటివాళ్ల కోసమే పెట్టిన కోర్సు ఇది. సెషన్ జనవరిలో మొదలై డిసెంబరులో ముగుస్తూ వచ్చింది. ఈసారి తేదీలు, అర్హతలు, ఫీజు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ప్రైవేటు వాళ్లకు ఫీజు ప్రభుత్వ టీచర్ల కంటే ఎక్కువ ఉంటుంది.

దీనికి డబ్బు ఎలా? మీరు జీతం లేకుండా ఉండాల్సింది మైసూరులోని మూడు నెలలే అనుకుందాం. అప్పుడు ఇంట్లో లోటు 82,500. ఫీజు, అక్కడ ఉండటం, రాకపోకలు కలిపి 80 వేలు పక్కన పెట్టుకోండి. మొత్తం 1,62,500. ఈ నెల నుంచే మిగిలే 10,500ను ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పది నెలల్లో 1.05 లక్షలు. తక్కువపడేది 57,500, అది ఎఫ్‌డీ నుంచి తీయండి. ఇంకా 2 లక్షలు మిగులుతాయి. ఎఫ్‌డీ ఒకటే పెద్ద మొత్తంగా ఉంటే, గడువు తీరి మళ్లీ వేసేటప్పుడు రెండుగా విడగొట్టుకోండి, లేకపోతే 57 వేల కోసం మొత్తం రద్దు చేసి పెనాల్టీ కట్టాల్సి వస్తుంది. ఆ మూడు నెలలు సగం జీతమైనా ఇమ్మని కాలేజీని అడగండి. ఇచ్చి, రెండేళ్లు ఇక్కడే పనిచేయాలని బాండు రాయించుకుంటే రాయండి, తప్పులేదు. మూడేళ్లయితే మాత్రం ఆలోచించుకోండి. ఈ డిప్లొమా ఉన్నవాళ్లను వేరే కాలేజీలూ అడుగుతాయి.

చిట్టీ విషయంలో మీవారి మాట నాకు నచ్చలేదు. 60 వేలు తోసి పాడుకుంటే ఇప్పుడు చేతికొచ్చేది 2.4 లక్షలు. చివరిదాకా ఆగితే, 5 శాతం కమిషన్ పోను, 2.85 లక్షలు. 16 నెలలు ముందుగా తీసుకున్నందుకు 45 వేలు వదులుకుంటున్నారు, అంటే ఏడాదికి 14 శాతం వడ్డీ పడినట్టే. అంత అవసరమే వస్తే బ్యాంకులో బంగారం పెట్టి తీసుకున్న రుణం దీనికంటే చవక. నెలనెలా వడ్డీ కట్టేయండి, అసలుతో కలిసి పెరగనివ్వకండి. కానీ నా లెక్క ప్రకారం అయితే మీకు రెండూ అవసరం రావు.

ఎమ్మెస్సీని పూర్తిగా వదిలేయమనడం లేదు. 16 నెలల తర్వాత చిట్టీ 2.85 లక్షలుగా ఇంటికొస్తుంది, నెలకు 12 వేల భారమూ తగ్గుతుంది. అప్పుడు మీరు మానేసినా లోటు నెలకు 15,500, రెండేళ్లకు 3.72 లక్షలు. చిట్టీ డబ్బూ, మిగిలిన ఎఫ్‌డీ కలిపితే 4.85 లక్షలు. అప్పు చేయకుండా చదవొచ్చు, కాలేజీకి బాండు రాసి ఉంటే అది ముగిశాక. చిట్టీ వచ్చాక ఓ ఏడాది కౌన్సెలర్‌గా పనిచేసి వెళ్తే ఈ పని రోజూ చేయగలరో లేదో కూడా మీకే తెలుస్తుంది. పిల్లలు చెప్పేవి వినడం వేరు, విన్నవాటిని రాత్రి ఇంటికి మోసుకు రాకుండా ఉండటం వేరు. ఇది డబ్బు విషయం కాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. డిప్లొమా ఉన్నా, ఎమ్మెస్సీ ఉన్నా మీరు క్లినికల్ సైకాలజిస్టు కారు. దానికి వేరే చదువు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. మేనేజ్‌మెంట్ బ్రోచర్‌లో మీ పేరు పక్కన ఆ మాట వేస్తామంటే ఒప్పుకోకండి. ఏ పిల్లను డాక్టరు దగ్గరికి పంపాలన్నా ఎవరికి చెప్పాలి, ఎవరు తీసుకెళ్లాలి అన్నది కూడా మీరు అడిగే ఆ కాగితంలోనే రాయించండి.

ఆ ఆన్‌లైన్ వాళ్లు మళ్లీ ఫోన్ చేసి "సీటు బ్లాక్ చేయడానికి ఒక ఓటీపీ వస్తుంది, చెప్పండి మేడమ్" అంటే చెప్పకండి. చాలాసార్లు ఆ ఓటీపీతోనే రుణ ఒప్పందం మీద మీ సంతకం పడిపోతుంది. ఇప్పటికే ఏదైనా చెప్పి ఉంటే, ఈ వారంలోనే మీ సిబిల్ రిపోర్టు తీసి కొత్త అప్పు కనిపిస్తోందేమో చూసుకోండి. ఏడాదికి ఒకసారి అది ఉచితంగానే ఇస్తారు.