నొప్పులు మొదలయ్యాక కాదు, ముందే వచ్చి పక్కన ఉండండి

మీ ఆవిడ సఖినేటిపల్లిలో పుట్టింట్లో ఉన్నారు, పాలకొల్లులో చూపిస్తున్నారు, వాళ్లమ్మగారు తోడున్నారు, నొప్పులు మొదలయ్యాక హైదరాబాద్ నుంచి బయల్దేరితే చాలదా అని అడిగారు. చాలదండీ. డాక్టర్ ఇచ్చిన తేదీకి ముందే సెలవు పెట్టి వచ్చేయండి. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను ఎక్కువగా పనికొచ్చింది లేబర్ రూమ్‌కి ముందు గడిచిన ఆ రాత్రంతానే.

మొదటి కాన్పులో తొలి నొప్పులు చాలాసేపు సాగుతాయి. మా ఆవిడకు సాయంత్రం నడుములో మొదలయ్యాయి. ఆస్పత్రిలో చూసి, "గర్భసంచి మూతి ఇంకా రెండు సెంటీమీటర్లే తెరుచుకుంది, నడిపించండి" అన్నారు సిస్టర్‌గారు. వరండాలో అటూ ఇటూ నడిచాం. నొప్పి వచ్చినప్పుడల్లా తను గోడకు చేతులానించి వంగేది. నేను వెన్నెముక చివర అరచేతి మొదలుతో గట్టిగా నొక్కిపట్టేవాణ్ణి. రుద్దితే చిరాకు పడేది, కదలకుండా నొక్కితేనే హాయిగా ఉందనేది. నొప్పి తగ్గాక ఓ గుక్క కొబ్బరినీళ్లు. ఏ నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎంతసేపుందో ఫోన్లో రాసుకున్నాను. సిస్టర్ వచ్చినప్పుడల్లా అదే చూపించేవాణ్ణి.

తెల్లవారుజామయ్యేసరికి పెద్దవాళ్లు కంగారుపడ్డారు. "పిల్ల తట్టుకోలేదు, ఆపరేషన్ చేసెయ్యమనండి" అన్నారు. వాళ్ల భయం ప్రేమకొద్దీ వచ్చిందే. కానీ అప్పుడు నిలబడి అడగాల్సింది భర్తే. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందా, బీపీ ఎంతుంది, ఇంకా ఆగొచ్చా అని డ్యూటీ డాక్టరమ్మగారిని అడిగాను. అన్నీ బాగున్నాయి, ఆగొచ్చన్నారు. ఆ మాటే వచ్చి అందరికీ చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లో, 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే నొప్పులు జోరందుకునే దశ అని ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42 ఆపరేషన్లే. అవసరమైన ఆపరేషన్ ప్రాణాలు నిలబెడుతుంది, డాక్టర్ కారణం చెప్పి చెయ్యాలంటే వెంటనే ఒప్పుకోండి. కంగారులో మీ అంతట మీరు మాత్రం అడగకండి.

నొప్పులు 5 నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తే బయల్దేరమంటారు. మీరు గోదావరి దాటాలి కాబట్టి అంతదాకా ఆగొద్దు, ముందే ఫోన్ చేసి డాక్టర్‌ని అడగండి. జిగటగా కాస్త ఎరుపు కనబడటం మామూలే. నెత్తురు ఎక్కువగా పోయినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా వెళ్లిపోవాలి. రాత్రిపూటైతే పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) కోసం రేవులో నిలబడకండి, చించినాడ వంతెన మీదుగా వెళ్లండి. కారు ఇప్పుడే మాట్లాడి ఉంచండి. కుదరకపోతే 108 ఉంది.

లేబర్ రూమ్‌లోకి భర్తని రానిస్తారా అన్నది ఆస్పత్రిని బట్టి ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఒకే గదిలో నలుగురు ఆడవాళ్లుంటారు కాబట్టి తోడుగా ఆడమనిషినే పంపమంటారు. ఈసారి చూపించడానికి వెళ్లినప్పుడే అడిగేయండి. వీల్లేదంటే లోపలికి వెళ్లేది మీ అత్తగారే. ఆ నడుం నొక్కడం ఆవిడకి ముందే చూపించి ఉంచండి.