పాత కారులో ఇంజిన్ మౌంట్ బుష్ ఒక్కటే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కాకపోతే బుష్ (ఇంజిన్‌ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంట్‌ లోపలి రబ్బరు ముక్క) విడిగా దొరికే మోడల్ అయ్యుండాలి, చాలా కార్లకి మౌంట్ మొత్తం సెట్టుగానే వస్తుంది. ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) స్టీరింగ్ వణకడం, గేర్ వేయగానే ధడ్‌మని కొట్టడం ఉంటే రబ్బరు చీలిందేమో ముందు టార్చ్ వేసి చూడండి.

ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఇంజిన్ బరువు కొంచెమే ఎత్తండి, చెక్క లేకుండా ఎత్తితే సంప్ సొట్టపోతుంది. బోల్టులు తీసి మౌంట్ బయటికి లాగాక పాత బుష్ ఏ వైపుకి తిరిగి ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే చాలా బుష్‌ల్లో రబ్బరు మధ్య ఖాళీలు ఒక దిశలోనే ఉండాలి, తిప్పి బిగిస్తే కొత్తది వేసినా వణుకు పోదు.

కొత్త బుష్ ఎక్కించడానికి సుత్తితో కొట్టకండి బాబూ, ప్రెస్ (ఒత్తి లోపలికి దింపే యంత్రం) ఉన్న వర్క్‌షాప్‌లో ఎక్కించుకోండి. జారడానికి సబ్బునీళ్లు చాలు, ఇంజిన్ ఆయిలూ గ్రీజూ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. బోల్టులు మొదట వదులుగా పెట్టి, జాకీ దించి ఇంజిన్ బరువు మౌంట్ మీద కూర్చున్నాకే మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బోల్టు ఎంత గట్టిగా బిగించాలో చెప్పే కొలత) బిగించండి.

పాలీయురెథేన్ (రబ్బరు లాంటి ఒక ప్లాస్టిక్) బుష్ ఎక్కువకాలం వస్తుంది గానీ గట్టిగా ఉంటుంది, వణుకంతా క్యాబిన్‌లోకే వస్తుంది, రోజువారీ కారుకి రబ్బరే నయం.