బల్లాక్‌ది దురదృష్టం అనేవాళ్లకి మా సింక్ కథ

జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ బల్లాక్ ఎప్పుడూ రెండో స్థానంలోనే మిగిలిపోయాడు కదా, అలాంటివాణ్ని గొప్ప మిడ్‌ఫీల్డర్ అనొచ్చా అని అడిగారు. అనొచ్చు. అసలు ఆ "ఎప్పుడూ" అన్నదే తప్పు. జర్మనీ లీగ్ నాలుగుసార్లు గెలిచాడు. మొదటిది 1998లో కైజర్స్‌లాటర్న్‌తో. ఆ టీమ్ అంతకుముందు సీజన్‌లో కింది డివిజన్‌లో ఆడింది. తర్వాత బయర్న్‌తో 2003, 2005, 2006లో లీగూ కప్పూ రెండూ. 2010లో చెల్సీతో ఇంగ్లండ్ లీగ్. ఇవన్నీ ఎవరి ఖాతాలో రాస్తారు మరి?

నాకు ఈ మనిషి మీద ఇంత పట్టింపు రావడానికి కారణం మాత్రం మా సింక్.

2009 నుంచి రెండేళ్లు కెమ్నిట్స్‌లో ఎమ్మెస్ చేశాను. తూర్పు జర్మనీ ఊరు, 1990 దాకా దాని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఇప్పటికీ ఊరి మధ్యలో ఏడు మీటర్ల మార్క్స్ తలకాయ ఉంటుంది. తల ఒక్కటే, మొండెం లేదు. బల్లాక్ పుట్టింది పోలండ్ సరిహద్దున గోర్లిట్స్‌లో అయినా పెరిగింది ఇక్కడే. ఈ ఊరి క్లబ్ లేత నీలం చొక్కాతోనే ప్రొఫెషనల్ అయ్యాడు. ఫ్లైట్ ఎక్కేటప్పుడు నాకు ఇదేమీ తెలీదు. ఫీజు తక్కువని వెళ్లాను, అంతే.

2010 మే 15, శనివారం. ఇంగ్లండ్‌లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్. పోర్ట్స్‌మత్ తరఫున ఆడుతున్న కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ బల్లాక్ చీలమండ మీదకి కాలు దించాడు. కప్ చెల్సీకే వచ్చింది గానీ ఈయన కుంటుకుంటూ బయటికెళ్లాడు. వరల్డ్ కప్‌కి నెల కూడా లేదు, జర్మనీ కెప్టెన్ ఈయనే. సోమవారం స్కానింగ్ అయ్యాక వార్త వచ్చింది: లిగమెంట్ చిరిగింది, వరల్డ్ కప్ లేదు.

అదే సోమవారం మా ఫ్లాట్‌లో సింక్ మూసుకుపోయింది. ముగ్గురం తెలుగువాళ్లం, రోజూ అన్నం గిన్నెలు అందులోనే కడుగుతాం, ఇంకేమవుతుంది? బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్‌కి చెప్పాం. అరవై దాటిన మనిషి, మాలో మేం "తాత" అనుకునేవాళ్లం. బకెట్ పట్టుకొచ్చి, కింద పైపు విప్పి, వేలు పెట్టి లాగితే గంజి ముద్దా, దానికి అంటుకుని కరివేపాకూ వచ్చాయి. ఒక ఆకు తీసి వెలుతురులో పెట్టి "ఇది టీనా?" అన్నాడు. కాదు తాతా, బంగారం. అక్కడ ఏషియన్ షాపులో గుప్పెడు కరివేపాకు కొనే డబ్బుతో మా ఊళ్లో చెట్టే కొనొచ్చు. సరే, ఆ గోల వేరే.

పైపు బిగిస్తూ బల్లాక్ వార్త విన్నారా అన్నాడు. మా రూమ్మేట్ అచ్చం మీలాగే అన్నాడు: "అన్‌లక్కీ ఫెలో. 2002లో కూడా అంతేగా." తాతకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. కానీ "అన్‌లక్కీ" అర్థమైంది.

లేచి చేతులు తుడుచుకున్నాడు. బకెట్ తీసుకెళ్లి కిచెన్ గుమ్మంలో పెట్టాడు. అది గోల్, మ్యాచ్ 2002 వరల్డ్ కప్ సెమీస్. రూమ్మేట్‌ని కారిడార్ చివర నిలబెట్టి "నువ్వు కొరియావాడివి, లీ చున్ సూవి. పరిగెత్తు" అన్నాడు. వాడు నిజంగానే పరిగెత్తాడు. తాత వెనకనుంచి వచ్చి చెప్పు కాలితో వాడి మడమ లాగాడు. వాడు వెళ్లి ఫ్రిజ్‌కి గుద్దుకున్నాడు. తాత సింక్ పక్కనున్న పసుపు రంగు స్పాంజి తీసి ఎల్లో కార్డులా తన మొహానికే ఎత్తి చూపించుకున్నాడు. "డెబ్బై ఒకటో నిమిషం. స్కోరు సున్నా సున్నా. వాణ్ని వదిలేస్తే బాక్స్‌లోకి వెళ్లిపోతాడు. బల్లాక్‌కి ముందే ఒక ఎల్లో కార్డు ఉంది, ఇంకోటి పడితే తనకి ఫైనల్ లేదు. రెండూ తెలుసు."

తర్వాత నాలుగు వేళ్లు చూపించాడు. నాలుగు నిమిషాలు. నేల తుడిచే గుడ్డ ఉండచుట్టి కింద వేశాడు. కుడి పక్కనుంచి జర్మనీ ఆటగాడు నాయ్‌విల్ పాస్. కుడికాలితో తన్నాడు, కీపర్ ఆపాడు. ఈసారి కీపర్ నేనే, ఆయన నన్ను అడగనుకూడా లేదు. గుడ్డ తిరిగొచ్చింది, ఎడమకాలితో మళ్లీ తన్నాడు. తడిగుడ్డ వెళ్లి బకెట్లో పడింది. 75వ నిమిషం, జర్మనీ 1, కొరియా 0. ఫైనల్‌కి వెళ్లారు, ఈయన తప్ప.

ఆ కార్డు చూసుకుని కూడా నాలుగు నిమిషాల్లో బాక్స్‌లోకి పరిగెత్తినవాణ్ని దురదృష్టవంతుడు అంటే నాకు నచ్చదు. అది తెలిసి చేసిన పని. జర్మనీ కోచ్ ఫోలర్ కూడా మ్యాచ్ అయ్యాక ఆ ఫౌల్‌ని పొగిడాడు. ఫైనల్లో బ్రెజిల్ 2-0తో గెలిచింది. బల్లాక్ ఉండుంటే బ్రెజిల్ రొనాల్డోకి అంత చోటు దొరికేది కాదు. ఆధారం అడక్కండి, నాకు తెలుసు. ఆ తర్వాత 2010 నుంచి క్వార్టర్ ఫైనల్స్ అయ్యాక ఒంటరి ఎల్లో కార్డులు చెరిపేస్తున్నారు, సెమీస్‌లో ఇంకో కార్డు పడ్డా ఫైనల్ పోకుండా. ఎనిమిదేళ్లు ఆలస్యంగా బుద్ధొచ్చింది ఫిఫాకి.

నిజమైన దురదృష్టం కావాలంటే 2000 చూడండి. జర్మనీ లీగ్ చివరి మ్యాచ్ ఉంటర్‌హాకింగ్ అనే ఊళ్లో. అప్పటి తన క్లబ్ లెవర్‌కూజెన్‌కి టైటిల్ రావడానికి డ్రా చాలు. బల్లాక్ తన గోల్‌లోకే కొట్టుకున్నాడు, టైటిల్ బయర్న్‌కి పోయింది. 2002లో ఇంకో మూడు మ్యాచ్‌లుండగా ఐదు పాయింట్ల ఆధిక్యం ఉన్నా లీగ్ డోర్ట్‌మండ్‌కి వదిలేశారు. జర్మనీ కప్ ఫైనల్ షాల్కె క్లబ్‌కి. గ్లాస్గోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, రియల్ మాడ్రిడ్ ఆటగాడు జిదాన్ గాల్లోంచే కొట్టిన గోల్‌కి. దాని మీదే వరల్డ్ కప్ ఫైనల్. 2008లో మళ్లీ చెల్సీ తరఫున లీగూ, లీగ్ కప్పూ, మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనలూ, జర్మనీ తరఫున యూరో ఫైనలూ పోయాయి. మాస్కో షూటౌట్‌లో తన పెనాల్టీ తను కొట్టాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇన్ని పోగొట్టుకోవాలన్నా ముందు ఇంతవరకూ రావాలి కదా. మనకి మాత్రం ర్యాంక్ ఒకటి కాకపోతే ఫెయిలైనట్టే. మా నాన్న ఇంటర్ మార్కుల అప్పుడు ఇలాగే మాట్లాడారు, అందుకే నాకు మంట.

ఆ 2010 వరల్డ్ కప్‌లో బల్లాక్ లేని కుర్ర జట్టు ఇంగ్లండ్‌ని 4-1, అర్జెంటీనాని 4-0 కొట్టింది. క్లాసులో అందరూ మంచిదే అయింది, అడ్డు తొలగింది అన్నారు. సెమీస్‌లో స్పెయిన్ చేతిలో ఓడాక ఆ మాట కాస్త తగ్గింది. బల్లాక్ మళ్లీ జర్మనీకి ఆడలేదు. మొత్తం 98 మ్యాచ్‌లు, 42 గోల్స్. 2011లో బ్రెజిల్‌తో ఒక ఫ్రెండ్లీ ఇస్తాం, వీడ్కోలు తీసుకో అన్నారు. అదంతా నాటకం అని వద్దన్నాడు.

ఆ ఏడాదే నేను ఫ్లాట్ ఖాళీ చేశాను. తాళాలు తీసుకోడానికి తాత వచ్చాడు. లిస్టు చూస్తూ ఒక్కొక్కటీ టిక్ పెడుతున్నాడు. వీడ్కోలు మ్యాచ్ ఎందుకు వద్దన్నాడంటారు అని అడిగాను. జవాబు చెప్పలేదు. కిచెన్‌లోకెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్లు దిగేదాకా సింక్‌లోకే చూస్తూ నిలబడి, "ఆకుల్లేవు" అని టిక్ పెట్టాడు.